మా పెదనాన్న మిలిటరీ లారీ

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు ఒక లారీ ఆగి ఉండేది. ఇప్పుడు మీరు రోడ్ల మీద చూసే లారీల్లాంటిది కాదు. పది చక్రాలు, ఒక్కో చక్రం అప్పటి నా ఎత్తు. మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. డ్రైవరు కూర్చునే చోటికి వెళ్ళాలంటే మూడు మెట్లు ఎక్కాలి. మిలిటరీలో యుద్ధపు ట్యాంకుల్ని మోసిన బండి అది. ట్యాంకు తనంతట తాను దూరం నడిస్తే దాని గొలుసులు అరిగిపోతాయట. అందుకని ఇలాంటి బండ్ల మీద ఎక్కించి సరిహద్దు దాకా తీసుకెళ్ళి దింపేవారట. ఇదంతా మా పెదనాన్న చెబితే తెలిసింది. ఆయన మిలిటరీలో తోలింది అలాంటి బండినే.

మాది ఆలమూరు దగ్గర చిన్న పేట. మా తాత రైతుల చేలో కూలికి వెళ్ళేవాడు. మా పెదనాన్న చర్చి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని, మీసాలు రాకముందే మిలిటరీలో చేరిపోయాడు. తిరిగి వచ్చేటప్పటికి మీసాల్లో తెలుపు కూడా వచ్చేసింది. ఆయనకీ పెద్దమ్మకీ పిల్లల్లేరు. మా అమ్మకి నా తరవాత వరసగా పిల్లలు పుట్టడంతో నన్ను వాళ్ళ దగ్గరే పెంచారు. మిలిటరీవాళ్ళు పాతబడిన బండ్లను వేలం వేస్తున్నారని తెలిసి, ఇల్లు కట్టుకుందామని దాచుకున్నదంతా పట్టుకెళ్ళి ఆ లారీ కొనుక్కొచ్చాడు. పచ్చ రంగు మీద నీలం రంగు వేయించాడు. పెద్దమ్మ ఎవరొచ్చి అడిగినా ఒకటే మాట అనేది. "ఇల్లు కట్టవయ్యా అంటే ఇనుము తెచ్చేడమ్మా మా మారాజు."

ఊళ్ళవాళ్ళు కూడా తక్కువ ఏడిపించలేదు. ఆలమూరు టీ హోటలు దగ్గర ఆపితే చాలు, "ఏమండోయ్, రైలొక్కటే వచ్చింది, పట్టాలు ఇంటికాడ మర్చిపోయేరా?" అనేవారు. పెదనాన్న నవ్వకుండా, "ఆయ్, వెనకాల బండిలో వస్తున్నాయండి" అనేవాడు. అలా నవ్విన వాళ్ళే రైసుమిల్లుకి బాయిలరు రావాలంటే, కలప అడితీకి పెద్ద పెద్ద దుంగలు చేరాలంటే మా ఇంటికి వచ్చేవారు. మా చర్చి గంటని మోసుకొచ్చింది కూడా ఆ లారీయే. చిన్న వంతెన వస్తే పెదనాన్న దిగి, ఆ చివరి దాకా నడిచి, కాళ్ళతో తన్ని చూసి, అప్పుడు బండి ఎక్కేవాడు. క్లీనరు పని మా చిన్నాన్నది.

ఆదివారం ఆరాధన అయిపోయాక పెదనాన్న లారీ కడిగేవాడు. నేను చెంబుతో నీళ్ళు అందించేదాన్ని. అప్పుడే మిలిటరీ కబుర్లు చెప్పేవాడు. ఒకసారి యుద్ధంలో కొండదారి మీద బండ్లన్నీ వరసగా పోతుంటే, ముందు బండికి ఇరుసు విరిగి ఆగిపోయిందట. అది ఆగితే వెనకాల అన్నీ ఆగిపోయినట్టే. పై ఆఫీసరు వచ్చి చూసి, బండిని లోయలోకి తోసెయ్యమన్నాడట. అది మా పెదనాన్న స్నేహితుడు తోలే బండి. ఆ స్నేహితుడు డోరు పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడట. ఆఫీసరు తిట్టలేదట గానీ మాట మార్చుకోలేదట. అందరితో పాటు పెదనాన్న కూడా భుజం వేసి తోశాడట. నేను చెంబు పట్టుకుని, "నీ బండే అయితే ఏం చేసేవాడివి పెదనాన్నా?" అని అడిగాను. "నా బండి ఆగదే" అని నా మీద నీళ్ళు చిమ్మి నవ్వాడు.

అది శ్రావణమాసం. నాలుగు రోజులుగా ముసురు. పలివెల అవతల ఒక రైసుమిల్లుకి బాయిలరు దింపి తిరిగి వస్తున్నాం. ఇంటి దగ్గర ఉండనని పేచీ పెట్టి నేను కూడా వెళ్ళాను. కాలవగట్టు మీద దారి. కాలవ నిండా ఎర్రనీళ్ళు. ఎదురుగా గడ్డిబండి వస్తే దానికి చోటివ్వడానికి పెదనాన్న లారీని కొంచెం కాలవ వైపు తీశాడు. నానిపోయిన గట్టు ఒక్కసారిగా జారింది. ముందు చక్రం దిగబడింది, లారీ కాలవ మీదికి ఒరిగింది, తోక వచ్చి దారికి అడ్డం పడింది. ఇంజను ఆగిపోయి మళ్ళీ అందుకోలేదు. గడ్డిబండివాడు ఎద్దుల్ని చేలోకి దింపి ఎలాగో దాటిపోయాడు.

లారీ వెనకాల పెద్ద గిలక, దానికి చుట్టిన ఇనప మోకు ఉండేవి. ట్యాంకుల్ని పైకి లాగడానికి పెట్టినవి. ఆ మోకు విప్పి, దారికి అడ్డంగా తీసుకెళ్ళి, చేను పక్కనున్న తాడిచెట్టుకి గొలుసు చుట్టి, గొలుసుకీ మోకుకీ కలిపి ఒక చీల దిగ్గొట్టారు. లారీ ఇంక జారకుండా ఆ మోకు ఒక్కటే పట్టుకుని ఉంది. చిన్నాన్న నడిచి కొత్తపేట వెళ్ళి జాకీలు, ఇంకో లారీ తీసుకురావాలి. సాయంత్రానికి బండి పైకి వచ్చేస్తుందని పెదనాన్న నాకు ధైర్యం చెప్పాడు. చిన్నాన్న పంచె ఎగగట్టుకుని బయలుదేరబోతుంటే వెనక నుంచి జీపు హారను వినిపించింది.

ఆపకుండా కొడుతూనే వచ్చింది. ముందు సీట్లో ఒకాయన, ఒళ్ళో ఆడపిల్ల. నా ఈడుదే. నేను వేసుకున్న గౌనులాంటి పువ్వుల గౌనే. కాలికి మోకాలి కింద పంచె చింపి బిగించి కట్టారు. రెప్పలు వాలిపోతున్నాయి, నోటి పక్క నుంచి చొంగ కారుతోంది.

"బాబూ, బండి తియ్యండి బాబూ. పిల్లకి పాము కరిసిందండీ" అన్నాడు ఆ తండ్రి.

"తీద్దామన్నా కదిలే బండి కాదండి. జాకీలు రావాలి" అన్నాడు చిన్నాన్న.

"అయితే మోసుకుపోతానండి. ఈ పక్కనించి నన్ను దాటించండి చాలు."

పెదనాన్న దారి కేసి చూశాడు. అవతలి వైపు బండి లేదు, మనిషి లేడు. "ఆస్పత్రి ఇంకా ఐదు మైళ్ళుంది నాయనా. ఈ బురదలో ఎంతసేపు మోస్తావు?" అన్నాడు. ఆయన పిల్లని ఇంకా దగ్గరికి హత్తుకున్నాడు. జీపు డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

పెదనాన్న లారీ చుట్టూ ఒకసారి నడిచాడు. వంతెనల దగ్గర నడిచినట్టే నడిచాడు. తిరిగొచ్చి చిన్నాన్న చేతిలో సుత్తి తీసుకున్నాడు. చిన్నాన్నకి అర్థమైపోయింది.

"అన్నయ్యా, మతి పోయిందా నీకు? నాలుగు గంటల్లో జాకీలు తెస్తాను. నా మాట విను."

"నాలుగు గంటలు ఆ పిల్ల దగ్గరున్నాయంట్రా?"

"వాళ్ళు మనకేమవుతారు? ఏ ఊరో కూడా తెలీదు. వదిన నిన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

"రానివ్వకపోతే అరుగు మీద పడుకుంటాను. వెళ్ళు, జీపుని వెనక్కి తీయించు. మోకు విడిపోయినప్పుడు తగిలిందంటే మనిషి రెండు ముక్కలైపోతాడు."

చీల ఊడగొట్టి బండిని కాలవలోకి వదిలేయబోతున్నాడని అప్పటికి నాకూ తెలిసింది. వెళ్ళి ఆయన కాళ్ళు చుట్టేసుకుని, వద్దు వద్దని ఏడ్చాను. ఆయన నన్ను విదిలించలేదు. బురదలో గొంతుక్కూర్చుని తుండుతో నా ముక్కు తుడిచి, "నాకొక పని చేసిపెట్టాలే. జీపు దగ్గరికెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకో. బండి కేసి చూడకు. ఆ పిల్లని చూస్తూ ఉండు" అన్నాడు.

వెళ్ళి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆ పిల్ల సగం మూసిన కళ్ళతో నన్నే చూస్తోంది, లేకపోతే నాకలా అనిపించిందో. వెనకాల సుత్తి దెబ్బలు వినిపించాయి. మూడో దెబ్బకి మోకు ఈలవేసినట్టు కూసింది. గట్టు విరిగిన చప్పుడు, ఆ తరవాత కాలవ అంతా లేచి పడినట్టు ఇంకో చప్పుడు. నీళ్ళు దారి మీదికి వచ్చి నా పాదాలు తడిపి వెళ్ళాయి. నేను వెనక్కి తిరగలేదు. అంతలో పెదనాన్న "పోనీ, పోనీ" అని అరవడం వినిపించింది. చిన్నాన్న నన్ను పక్కకి లాగాడు. జీపు వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాను. లారీ కప్పు, ఒక పక్క అద్దం మాత్రం నీళ్ళ పైన ఉన్నాయి. పెదనాన్న తాడిచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. చేతిలో సుత్తి ఇంకా వదల్లేదు. కొంతసేపటికి లేచి, "పదండి, చాలా దూరం నడవాలి" అన్నాడు.

మేం నడిచి రావడం చూసి పెద్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "బండేదీ?" అంది. "కాలవలో ఉంది." "ఎలా పడిపోయింది?" "పడలేదు. నేనే వదిలేను." ఆ రోజు పెద్దమ్మ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మొదలుపెట్టింది. ఇల్లూ లేకపోయె, ఇనుమూ లేకపోయె అని అంట్లు తోముతూ అనేది, బియ్యం కడుగుతూ అనేది. పెదనాన్న వినేవాడు. నిజంగానే కొన్ని రోజులు అరుగు మీదే పడుకున్నాడు.

రెండో ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా పందిరి కింద ఆ తండ్రి నిలబడి ఉన్నాడు. పక్కన ఒక అరటిగెల. పిల్ల ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఆయన మొహం చూస్తే అడగక్కర్లేకపోయింది.

"సూది మందు వేసేరండి. సాయంత్రం దాకా ఉంది. ఒకసారి మంచినీళ్ళు కూడా అడిగింది. ఆ తరవాత దక్కలేదండి" అన్నాడు. అరటిగెల ముందుకి జరిపి, "నా మూలాన మీ బండి ఊరికే పోయిందండి. ఆ మాట చెప్పి వెళదామని వచ్చేను" అన్నాడు.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు ఈయన మీద పడుతుందని నాకు భయం వేసింది. పెదనాన్న ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నాడు.

"ఒక మాట చెప్పు. నా లారీ వెనకాల మీ జీపు ఆగిపోయి, ఆ బురదలోనే నీ ఒళ్ళో పోయి ఉంటే నువ్వేమనుకునేవాడివి?"

"లారీ అడ్డం లేకపోతే నా పిల్ల బతికేది అనుకునేవాణ్ణండి. చచ్చేదాకా అదే అనుకునేవాణ్ణి."

"నేనూ అదే అనుకునేవాణ్ణి నాయనా. ఇంకెక్కడ ఊరికే పోయింది?"

చిన్నాన్న ఉండబట్టలేక, "అది కాదన్నయ్యా, ఎలాగూ దక్కని పిల్లకి..." అన్నాడు. పెదనాన్న గొంతు పెంచడం నేను చూసింది అదొక్కసారే. "ఎలాగూ అన్నది నీకు ఇవాళ తెలిసిందిరా. ఆ పూట గట్టు మీద ఎవడికి తెలుసు? నీకు తెలుసా? నాకు తెలుసా?"

 పెద్దమ్మ లోపలికి వెళ్ళి విస్తరి వేసింది. చేపల పులుసు ఉంది ఆ రోజు. ఆయన వద్దంటున్నా రెండోసారి కూడా వడ్డించింది. ఆ తరవాత ఆ లారీ గురించి మా పెద్దమ్మ నోట ఒక్క మాట కూడా నేను వినలేదు.

ఎండాకాలం కాలవలు కట్టేశాక లారీ పూర్తిగా బయటపడింది. నీలం రంగు పెచ్చులూడి, కింద మిలిటరీ పచ్చ కనిపిస్తోంది. ఇంజను నిండా ఒండ్రు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళు మరలు తప్పు వైపు తిప్పుతుంటే పెదనాన్న చూడలేక, తనే కాలవలోకి దిగి ఒక్కొక్కటీ విప్పి ఇచ్చాడు. గిలకని అంతర్వేది వైపు పడవలు ఒడ్డుకి లాక్కోవడానికి తీసుకెళ్ళారు. ఇరుసు ఎవరిదో ట్రాక్టరు తొట్టి కిందికి పోయింది. మిగిలిందంతా ముక్కలు కోసి ఎక్కడికో కరిగించడానికి పంపేశారు. పెదనాన్న చేతులు వణికేదాకా ఇంకొకరి లారీలే తోలాడు. ఇల్లు కట్టలేదు. ఆ తాటాకింట్లోనే పోయాడు.

నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మధ్యలో ఆపి, ఇప్పుడెందుకు నాయనమ్మా ఈ కథ అని అడిగింది. ఎందుకంటే మొన్నీమధ్యే మీ తాతయ్య పోయాడు కదమ్మా. రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడు సార్లు కాకినాడ తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయించాలన్నారు. మాకున్నది ఆ కొబ్బరితోట ఒక్కటే. ఆయన వద్దన్నా వినకుండా అమ్మేశాను. ఎనిమిది నెలలు ఉన్నాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, "ఎలాగూ పోయే మనిషికి తోటంతా పోసేసేవేంటమ్మా" అన్నారు. మంచికోరే అన్నారు. నేను వాళ్ళకి ఏమీ చెప్పలేదు. మా పెదనాన్నలాగా నిలబడి చెప్పే గొంతు నాకు లేదు.

కానీ లోపల నాకు తెలుసు. ఆ ఎనిమిది నెలల్లో ఏ ఒక్క పొద్దునా ఆయన పోతాడని నేను లేవలేదు. ఉంటాడనే లేచాను, జావ కాచాను, బస్సెక్కించాను. ఇప్పుడు తెల్లవారి లేస్తే చెట్లూ లేవు, మనిషీ లేడు. ఏడుపొస్తుంది, ఏడుస్తాను. అది ఆయన లేడన్న ఏడుపే. నేను అడ్డం నిలబడ్డానన్న ఏడుపు మాత్రం నాకు లేదు. ఆ ఒక్కటి లేకుండా చేసి వెళ్ళాడు మా పెదనాన్న.