మా అమ్మ చేతి పచ్చబొట్లు

ఈ పొద్దున నేనొక తప్పు చేశాను. బడి కోసం చార్టు మీద మా ఇంటి ఆడవాళ్ల వంశవృక్షం గీస్తున్న మనవరాలు, మా అమ్మ పేరు పైన ఆమె తల్లిని, ఆ పైన 'సక్రి, లంబాడా తండా' అని రాస్తే, పెన్ను అందుకుని ఆ పై పేరు కొట్టేశాను. తండా అన్నందుకు కొంత సిగ్గు; అది చెప్పింది నానమ్మ, అంటే నా భార్య, అన్నందుకు అంతకు మించిన కుళ్లు.

ఆ కుళ్లు పాతదే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికుండేవాళ్లం. నల్లగొండ పల్లెలో పుట్టిన మా అమ్మ, గుంటూరు పిల్ల అయిన నా భార్య బియ్యంలో రాళ్లేరుతూ ఏవో చెప్పుకునేవాళ్లు, నేను గడప తొక్కగానే ఆపేసేవాళ్లు. కన్నకొడుకుకు లేని చనువు కోడలికా అని ఉడికిపోయి, ఆ అక్కసును ఉద్యమం మాటల్లో చుట్టి, ఈ మట్టి మాది, మీరు బతకొచ్చినవాళ్లని ఆమెను దెప్పేవాణ్ని.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు నాడు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరూ వండుతుంటే, అమ్మ నన్ను విడిచి కోడలి చెయ్యి పట్టుకుని ఒక పొయ్యి దగ్గరికి వెళ్లింది. వెనకే వెళ్లి, ఈ పొయ్యి దగ్గర ఆంధ్రావాళ్లకేం పనని నలుగురిలో అనేశాను. నా భార్య తల వంచుకుంది. అమ్మ గరిటె ఆపింది.

"మా అమ్మమ్మ సక్రి తండా పిల్లనే. ఆమె పెద్దలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట ఎక్కడెక్కడి నుంచో ఒచ్చిన్రు. గిది నీకెర్కేనా?"

కోడలికి చెప్పి నాకెందుకు దాచావని అడిగాను, చుట్టూ జనం వింటున్నా.

"నువ్వెన్నడడిగినవ్ కొడకా? గా పిల్ల నా చెయ్యి పట్టుకొని ఒక్కొక్క పచ్చబొట్టు ఎవరి గుర్తని అడిగింది."

ఆ చౌరస్తా మీద ఇప్పుడు వంతెనలు లేచాయి, మీది ఏ ఊరని అడిగేవాళ్లూ తగ్గారు. అమ్మ పోయింది, ఆ పచ్చబొట్లు ఆమెతోనే కాలిపోయాయి.

మధ్యాహ్నం కొత్త చార్టు కొనుక్కొచ్చి, సక్రి పేరు నా చేత్తో రాసి, మనవరాలికి క్షమాపణ చెప్పాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి, అమ్మను అడగాల్సింది నా భార్యను అడిగాను. ఆమె బాల్‌పెన్ను తీసుకుని నా ముంజేతి మీద అమ్మ చుక్కలన్నీ వరసగా పెట్టింది. ఏది ఎవరి గుర్తో చెప్పింది. "తడి తగిలితే పోతాయండీ," అంది.

సాయంత్రమైంది. ఇంకా స్నానం చేయలేదు.