వాగు ఒడ్డున వాదన

మా అక్క ఏటా కార్తీకంలో మా చేలో పత్తితోనే వత్తులు చేస్తుంది. అద్దంకి బజారులో దొరికే కట్టలు ఆమెకు పనికిరావు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని వత్తులు. పున్నమినాడు అన్నీ ఒకేసారి వెలిగిస్తే ఏడాది పొడుగునా దీపం పెట్టినట్టేనట. ఈ ఏర్పాటు మీద నా అభిప్రాయం ఊరందరికీ తెలుసు. అయినా మూడేళ్ల కిందట ఆమె వెంట నల్లమలలో ఉన్న గుహగుడికి వెళ్లాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. చెయ్యి పట్టుకోవడానికి భక్తి అక్కర్లేదు.

మొత్తం పదకొండు మందిమి. తుపాను వస్తోందని ఫోన్లు చెప్పాయి. మావాళ్లు పెడచెవిన పెట్టలేదు, ఇళ్లకు ఫోన్లు చేసి పత్తి మీద పట్టాలు కప్పించారు. కొండెక్కబోతున్న తమ మీద ఏం కప్పాలో ఎవరికీ తోచలేదు.

దారి చూపడానికి వచ్చింది ఒక చెంచు మనిషి. దాదాపు నా వయసే. చేతికర్ర, భుజాన తాడు. మబ్బు చూసి, రేపు వెళ్దామన్నాడు. పున్నమి రేపటిదాకా ఆగదన్నారు మావాళ్లు. అయితే తానూ వస్తానన్నాడు. తాను రాకపోతే మేము ఆగుతామన్న ఆలోచన అతనికి వచ్చినట్టు లేదు. వస్తే బాగుండేది.

ఆ రాత్రంతా గుహలోకి జల్లు కొట్టింది. దీపం వెలగలేదు. పొద్దున వాన కాస్త తెరిపిస్తే దిగాం. నిన్న పాదాలు తడిపిన వాగు మోకాళ్ల దాకా పెరిగింది. అతను అవతలి ఒడ్డుకు పోయి మద్దిచెట్టుకు తాడు కట్టి, రెండో కొస ఇవతల కట్టాడు. నీటి అంచున ఒక రాయి పెట్టాడు.

"ఈ రాయి మునిగేలోగా అందరం అవతల ఉండాలి," అన్నాడు.

అప్పుడు అక్క వత్తులున్న ప్లాస్టిక్ కవరు విప్పింది. పారే నీళ్లు కనిపించాయి కనుక దీపం వదలాల్సిందేనంది. దీపం వదలకుండా మిగతావాళ్లూ కదలరు. నేను మొదలుపెట్టాను. ఏడాది దీపాలు ఒక్కపూటలో తీసుకోవడానికి దేవుడేమైనా టోకు వ్యాపారా అని అడిగాను. వత్తికీ పుణ్యానికీ ఉన్న సంబంధం ఏమిటో రుజువు చెయ్యమన్నాను.

"ఒరేయ్, నువ్వు నోరు మూస్తే ఈపాటికి రెండుసార్లు వెలిగించేదాన్ని," అంది అక్క.

అతను రెండుసార్లు పదండన్నాడు. రెండుసార్లూ నేనే ఒక్క నిమిషం ఆగమన్నాను. హేతువాద సభల్లో అలవాటు, మాట మధ్యలో వదలను. చివరికి అక్క దీపం వెలిగించింది. నాలుగడుగులు పోయి ఆరిపోయింది. చూస్తే రాయి లేదు.

అతను వాగులోకి దిగి నడుమ, తాడుకు దిగువన నిలబడ్డాడు. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ఒక్కొక్కరినీ అందుకుని అవతలికి పంపాడు. పదోవాణ్ణి నేను, ఆఖరున అక్క. ఆమె అతని దాకా వచ్చేసరికి పైనుంచి ఒక మాను కొట్టుకొచ్చింది. ఆమె చేతులు వదిలితే అతను తప్పుకోవచ్చు. వదల్లేదు. అక్కను తాడుకు అదిమిపట్టి మానుకు తాను అడ్డంగా తిరిగి నిలబడ్డాడు. మాను అతని తొడకు తగిలి పోయింది. నేను ఎదురు దిగి అక్క చెయ్యి అందుకున్నాను. అతను తాడు పట్టుకుని ఒడ్డుకు పాకి, కూర్చుని, మమ్మల్ని లెక్కపెట్టాడు. పదకొండు. అప్పుడు చెప్పాడు కాలు విరిగిందని.

దుప్పటి డోలీ కట్టి మోశాం. డోలీలోంచే దారి చెప్పాడు.

ఎముక వంకరగా అతుక్కుంది. ఇక కొండ ఎక్కలేడు. మా ఊళ్లో దీపమే కాపాడిందన్నారు. మూఢనమ్మకం ఒక మనిషి కాలు విరిచిందని నేను గుంటూరులో, పొన్నూరులో మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. దీపానికి పట్టింది అయిదు నిమిషాలు, నా వాదనకు అంతకు నాలుగింతలు. ఆ ముక్క ఏ సభలోనూ చెప్పలేదు. అక్క ముందు వరసలో కూర్చుని కూడా నా పరువు తియ్యలేదు.

మొన్న కార్తీకంలో ఇద్దరం అతన్ని చూడబోయాం. గుడిసె ముందు కాలు చాపుకుని వెదురుబుట్ట అల్లుతున్నాడు. పంట ఎలా ఉందని అడిగాడు. మిర్చికి తెగులు పట్టిందని చెప్పాం. కాసేపటికి బుట్ట పక్కన పెట్టాడు.

"ఆ రోజు మీరిద్దరూ ఏదో గట్టిగా వాదించుకున్నారు గదా. వాగు హోరులో నాకు సరిగా వినబడలా. చివరికి ఎవరు నెగ్గారు?"

వెక్కిరింపేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. అంతసేపు ఆగారంటే పెద్ద విషయమే అయి ఉంటుందని అనుకున్నాడట.

"వీడే," అంది అక్క.

"అక్కే," అన్నాను నేను.

అతను మా ఇద్దరి వంకా చూసి, ఇంకా తేలలేదన్నమాట అని మళ్లీ బుట్ట అందుకున్నాడు.