అత్త పూడ్చిన వానకోతలు

మా దీవికి స్వాతంత్ర్యం రాకముందు చివరి సంవత్సరాల్లో నా ఉద్యోగం వాగులకు వరుస సంఖ్యలు వేయడం. ఏ వాగు వాలులో మట్టి ఎక్కువగా కొట్టుకుపోతోందో, ఎక్కడ ఊట తగ్గుతోందో పరిశీలించి పట్టిక రాసేవాణ్ణి. ఆ ఏడాది రాతికట్టలు పట్టికలో మొదటి వాగుకే. కంటితో చూడనిది పట్టికలోకి రాకూడదన్నది నా నియమం.

మాంటాన్ బ్లాంష్ ఊరి దగ్గర మా మేనత్త చెరకుచేను ఒక వాగు ఏటవాలున ఉండేది. దాని దిగువ ఊటే ఆ వాడకు తాగునీరు. అది ఏటేటా సన్నగిల్లుతోందని అత్త బెంగపడేది. నేను వెళ్లిన రోజు చేలో వాననీరు నేలను కోసిన గాడి, ఒక్క వానకోతా కనిపించలేదు. ఆ వాగుకు చివరినుంచి రెండో స్థానం రాసుకున్నాను.

టీ అందిస్తూ అత్త అడిగింది: "మా వాగే ముందు కదా, బాబూ?"

"కాదత్తా. చేను శుభ్రంగా ఉంది, కోతలు లేవు."

"ఉండె బాబూ, మోకాలు లోతు! గ్రాన్ మిసియే వస్తాడన్నారు. పెద్ద ఆఫీసరుకు అట్లాటి చేను చూపిస్తామా? వాడవాళ్లమంతా కలిసి నాలుగు రోజులు పూడ్చినాం."

"ఆ గ్రాన్ మిసియేని నేనేనత్తా."

"నువ్వా! ముందే తెలిస్తే ఇంత నడుం నొప్పి ఎందుకు?"

గుమ్మంలో కూర్చున్న మామ నవ్వు ఆపుకోలేకపోయాడు.

అతిథి వచ్చేముందు ఇల్లు కడిగినట్టు వాళ్లు సాక్ష్యాన్నంతా కడిగేశారు. సొంత మేనత్త మాట కనుక దాన్ని మరింత అనుమానించాను. అత్త చూపించిన చోట్ల కాక, నేను ఎంచుకున్న ఏడు చోట్ల తవ్వమన్నాను. పూడ్చినవాళ్లే నన్ను తిట్టుకుంటూ పారలు పట్టారు. అయిదు చోట్ల పైన వదులు మన్ను, మోకాలి లోతున గట్టినేల. ఆ కోతల గోడల్లో మన్ను జారి బయటపడి ఎండిపోయిన పాత చెరకు వేళ్లు. నాలుగు రోజుల్లో ఎవరూ అలాంటి వేళ్లను తయారుచేయలేరు. పాత సంఖ్య కొట్టేసి, ఆ వాగును మొదటికి మార్చాను.

చేలల్లో కుప్పపోసిన నల్లరాళ్లతోనే వాలుకు అడ్డంగా కట్టలు లేచాయి. మరుసటి ఏడు వానలు తగ్గిన నెలల్లోనూ ఊట ఆగలేదు. అయితే అంతకుముందు వర్షాలూ బాగానే కురిశాయి. పోల్చడానికి కట్టలు లేని మరో ఊట నాకు దొరకలేదు. అందువల్ల అది కట్టల ఫలమేనని నేను నాడూ రాయలేదు, నేడూ రాయను.

ఆ మాటే అత్తతో అన్నాను. ఆవిడ ఊటకు వెళ్లి ఇత్తడి చెంబు నింపుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"ముందు తాగు, మిసియే. పరీక్ష తర్వాత."

తాగాను. ఇంకో చెంబు అడిగాను.