కొల్లేటి గట్టున కాపలావాళ్లు

మా అక్కవాళ్ల చేపల చెరువు కొల్లేటి అంచున ఉంది. బెజవాడ భవానీపురంలో బయల్దేరి హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగితే బావ కారేసుకుని వచ్చేవాడు. పత్రికలో పని మానేశాక నెలకోసారైనా వెళ్లడం అలవాటైంది. అక్క చేసే కొర్రమీను పులుసు కోసమని చెప్పేవాణ్ని గానీ, నిజానికి చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని ఏమీ చేయకుండా కూర్చోవడానికే వెళ్లేవాణ్ని.

మొన్న చలికాలంలో ఆ కూర్చోవడం కుదరలేదు. అంతకు కొద్దిరోజుల ముందే బెజవాడ చుట్టుపక్కల అద్దె ఇళ్లలో కూలీల్లా ఉంటున్న కొందరిని, అడవిలోని దళం మనుషులంటూ పోలీసులు పట్టుకున్నారు. ఎక్కడో ఉండే తుపాకుల గొడవ వరిచేల మధ్యకి వచ్చిపడిందని జనం హడలిపోయారు. బయటి నుంచి వచ్చిన పనివాళ్లు ఎవరున్నా స్టేషన్‌కి తీసుకొచ్చి చూపించాలని ఊళ్లో ఆటోకి మైకు కట్టి చెప్పి వెళ్లారు. బావ తన పనివాళ్లని చూపించలేదు. చేపలు పట్టే రోజులు, లారీలు, ఐసు అంటూ వాయిదా వేస్తూ వచ్చాడు.

బావ చెరువుకి కాపలా ఉండేది ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వచ్చిన ఓ జంట. ఇద్దరికీ పాతికేళ్లు దాటి ఉండవు. మొదట ఖమ్మం వైపు మిరపకాయలు కోయడానికి వచ్చి, ఓ మేస్త్రీ వెంట ఇటు దిగారు. గట్టు మీద రేకుల షెడ్డులో కాపురం. నడక నేర్చుకుంటున్న కూతురు. అతను పడవ మీద తిరుగుతూ, కర్రలకు వేలాడదీసిన సంచుల్లో తవుడు నింపేవాడు. చిల్లులున్న ఆ సంచుల్ని చేపలు కింద నుంచి పొడుచుకుని తింటాయి. ఆమె గట్టంతా తిరుగుతూ పక్షుల్ని అదిలించేది. అతనికి తెలుగు బాగానే వచ్చు. ఆమెకి మా అక్క దగ్గర నేర్చుకున్న మాటలే వచ్చు. అందుకని ఆమె నోరు విప్పితే అచ్చం అక్క కసురుకున్నట్టే ఉండేది.

చలికాలంలో కొల్లేటికి పక్షులు ఎక్కువ. చూడవచ్చినవాళ్లకి అవి ముచ్చట, చెరువు రైతుకి నష్టం. డబ్బాలు కొడతారు, టపాకాయలు కాలుస్తారు. ఈసారి పక్క చెరువు రైతు కొత్తది తయారుచేయించాడు. పైపులో కార్బైడ్ వేసి పేల్చే తుపాకీ. ఆ ఉదయం మేం టీ తాగుతుండగా దాన్ని మొదటిసారి పేల్చాడు. నా చేతిలో టీ ఒలికింది. నీటికాకులూ గూడబాతులూ ఒక్కసారిగా లేచాయి. బావ నవ్వుతూ ఏదో అనబోయి ఆగిపోయాడు.

ఆమె గట్టు వాలున బోర్లా పడి ఉంది. పిల్ల ఆమె పొట్ట కింద ఉంది. పిల్ల ఏడవలేదు. నాకు ఎక్కువ భయమేసింది అందుకే. పడవ ఖాళీగా కనిపించింది. కాసేపటికి అందులోని తవుడు బస్తాల పక్క నుంచి అతను తల ఎత్తాడు.

పక్క రైతు కూడా చూశాడు. అప్పుడు నవ్వాడు. సాయంత్రానికి ఆ నవ్వు టీకొట్టు దాకా వెళ్లి అనుమానంగా మారింది. పెద్ద మోత వింటే ఎవరైనా తిరిగి చూస్తారు గానీ అలా పడుకోరనీ, అది ఎవరో నేర్పితే వచ్చే పడకనీ అక్కడ తేల్చేశారు. ఒకాయన బావతో సరదాగానే అన్నాడు.

“ఏందండీ, చేపలకి కమెండోల్ని పెట్టారంట?”

బావ నవ్వలేదు. ఇంటికొచ్చి కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేశాడు. పొద్దున్నే కూలి లెక్క చూసి వాళ్లని పంపేస్తానన్నాడు. పోలీసులొస్తే, చోటిచ్చినందుకు ముందు తననే లోపలేస్తారన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

“పంపేస్తే? చంకలో పిల్లనేసుకుని పోతుంటే రోడ్డు మీద ఎవరన్నా ఆపారనుకో, ఏం చెప్పుకుంటది? మనం తరిమేశామనా?”

నేను అక్క వైపే మాట్లాడాను. సంచితో బస్టాండులో దొరికినవాడి గురించి మర్నాడు పేపర్లో ఏ వాక్యం వస్తుందో ఎన్నో ఏళ్లు చూసినవాణ్ని. వాడు పారిపోతూ దొరికాడనే రాస్తారు. అందుకే మనమే స్టేషన్‌కి తీసుకెళ్లి చూపిద్దామన్నాను. బావ లేచి, ఎండిపోయిన చెయ్యి కడుక్కుని సరేనన్నాడు.

మర్నాడు బయల్దేరేముందు, అలా ఎందుకు పడుకున్నారని అతన్ని అడిగాను. అతనికి ఆ ప్రశ్నే వింతగా తోచినట్టుంది.

“ఎవరు కాలిస్తే ఏంది సార్, ముందు పడుకోవాల. ఎవరో తర్వాత తెలుస్తది.”

స్టేషన్‌లో ఎస్సై చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. నాకూ బావకీ కుర్చీలు వేయించాడు. కాపలా అతను గోడ పక్కన నిలబడ్డాడు. ఆధార్ చూశారు, ఫొటో తీశారు. ఇక అయిపోయిందనుకుంటుండగా, వాళ్ల ఊరివైపు స్టేషన్‌కి ఓసారి ఫోన్ చేసి కనుక్కుంటామన్నాడు ఎస్సై. కాపలా అతను గోడ దగ్గర్నుంచి వచ్చి నా మోచేయి పట్టుకున్నాడు. అంతవరకు నన్నెప్పుడూ తాకినవాడు కాదు.

“ఫోన్ వద్దని చెప్పండి సార్. మా అన్న ఊళ్లోనే ఉన్నాడు.”

వరండాలోకి తీసుకెళ్తే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అక్కడి స్టేషన్ ఎవరి గురించి అడిగినా ఆ కబురు పొద్దుగూకేలోగా ఊరంతా తెలుస్తుంది. పోలీసులు పేరు పెట్టి అడిగారంటే వాడు పోలీసుల మనిషేనని అడవిలోని వాళ్లు అనుకుంటారు. తమ్ముడు దొరక్కపోతే అన్నని పిలుస్తారు. ఊళ్లో ఇంతకుముందు ఒకతన్ని అలాగే పిలిచారట. వెళ్లినవాడు మళ్లీ ఇంటికి రాలేదట.

ఎస్సైకి ఇదంతా వివరించాను. శ్రద్ధగానే విన్నాడు.

“మీరన్నది నిజమే అయ్యుండొచ్చండీ. నేను కనుక్కోకుండా వదిలేస్తే రేపు నన్నడుగుతారు. అయినా పోలీసులూ పోలీసులూ మాట్లాడుకోవడమేగా, బయటికెందుకు పోద్ది?”

ఫోన్ చేసి హిందీలో మాట్లాడాడు. అవతలివాళ్లు విచారించి చెప్తామన్నారు. అక్కడే కూర్చున్నాం. ఎవరి ఫోన్ మోగినా ముగ్గురం తల తిప్పాం. మధ్యాహ్నం దాటాక కబురొచ్చింది. అతని మీద ఏ కేసూ లేదట. అన్నదమ్ములు మంచివాళ్లేనట. అన్న ఈ ఏడు కూడా వడ్లు బాగానే పండించాడట.

బావ మొహం విప్పారింది. కారెక్కగానే ఆకలి దంచేస్తోందని, దారిలో ఆపి పునుగులు కట్టించాడు. వెనక సీట్లో అతను పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక మాట్లాడాడు.

“వడ్ల సంగతి స్టేషన్లో వాళ్లకి ఎట్ట తెలుస్తది సార్? ఊళ్లోకి పోయి అడిగొచ్చారు.”

బావ తింటున్నది ఆపేశాడు.

వాళ్ల ఊళ్లో గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ ఉండదు. ఆ సాయంత్రమంతా అతను అన్నకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, కలవలేదు. మర్నాడు నేను తిరుగుప్రయాణమైతే అతనూ కారెక్కాడు. అన్నని వెంటబెట్టుకుని వచ్చేస్తానన్నాడు. ఇద్దరికీ పనుందని, తప్పకుండా తీసుకురమ్మని బావ మాటిచ్చాడు. ఆమె కారు అద్దం దగ్గరికొచ్చి వాళ్ల భాషలో గట్టిగా ఏదో అడిగింది. జంక్షన్‌లో నా బస్సు ముందొచ్చింది. ఎక్కి కిటికీలోంచి చూస్తే, అతను అవతలి వైపు బస్సులు ఆగేచోట, కండక్టర్లను ఒక్కొక్కర్నే భద్రాచలం దారి అడుగుతున్నాడు.

ఇది రాసేనాటికి అతను తిరిగి రాలేదు. భద్రాచలం దాటానని ఒకసారి ఫోన్ చేశాడట, తర్వాత ఫోన్ లేదు. ఆమెనీ పిల్లనీ అక్క ఇంట్లోకి తెచ్చుకుంది. పడవ మీద తవుడు ఇప్పుడు ఆమే నింపుతోంది. బావ మరో మనిషిని పెట్టలేదు. ఎస్సైకి చెప్పి మళ్లీ కనుక్కోమందామని బావ అంటే ఆమె ససేమిరా అందట. నిన్న అక్కతో మాట్లాడుతూ ఫోన్ ఆమెకిమ్మన్నాను. ఎందుకు వద్దంటున్నావమ్మా, నేనైనా అడిగిస్తానన్నాను.

“మీరు ఊరుకోండి. బతికే ఉన్నాడేమో. అడిగితే చంపేస్తారు.”