కిటికీ పక్కన కునుకు

మా కత్తెరక్క బట్టలు కుట్టే గది సరిగ్గా ఇంటి పైకప్పు కింద ఉండేది. ఒకప్పుడు అది పాత సామాను పడేసే అటక. వడ్రంగి అయిన వాళ్ళ నాన్న దానికి నేల పరిచి, కిటికీ పెట్టి, మెట్లు కట్టి గది చేశాడు. కప్పు బరువు మోయడానికి నడిమధ్యలో రెండు ఏటవాలు ఊతకర్రలు మాత్రం అలాగే ఉంచాడు. నేను అక్కడే కాజాలు కుట్టడం నేర్చుకున్నాను. కాజాల కన్నా ముందు తల వంచడం నేర్చుకున్నాను.

మెడలో కత్తెర వేలాడేసుకుని తిరిగేది కాబట్టి ఆవిడకి ఆ పేరు. కత్తెరకి ఎంత పదునో నాలుకకీ అంతే. ఒక్క తమ్ముడి దగ్గరే ఆ నాలుక మొద్దుబారేది. నాన్న పని వచ్చింది గానీ నాన్న ఓపిక రాలేదని వీధిలో అందరూ అతన్ని అనేవారు. ఆవిడ ఒప్పుకునేది కాదు. బట్టలిచ్చి వెళ్ళేవాళ్ళు తలుపు గురించో మంచం గురించో మాట వదిలితే చాలు, "మా వాడికి చెప్పండి, వాడి పనికి నాదీ పూచీ" అనేది. అతనికి దొరికిన పనుల్లో సగం ఆ పూచీ మీద దొరికినవే.

గదిలో పెద్ద బల్ల వేసుకోవాలని ఆవిడకి ఎన్నాళ్ళ కోరికో. తెరల గుడ్డ నేలమీద పరిచి కత్తిరించి కత్తిరించి మోకాళ్ళు అరిగిపోయాయి. ఊతకర్రలు ఉండగా బల్ల పట్టదు. తమ్ముడు చూసి, అదెంత పని అన్నాడు. కర్రలు తీసేసి, ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప దూలం వేస్తానన్నాడు. పని జరిగినన్నాళ్ళూ దుమ్ము పడుతుందని మమ్మల్నెవర్నీ పైకి రానివ్వలేదు. చివరికి పిలిచి చూపించాడు. ఇనుము కనపడకుండా చుట్టూ చెక్క తొడిగి, నున్నగా చిత్రిక పట్టి, వార్నిష్ వేశాడు. కత్తెరక్క గది మధ్యలో తల వంచకుండా అటూ ఇటూ నడిచింది. కళ్ళు తుడుచుకుంది కూడా.

వాళ్ళ నాన్న పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. కప్పు పని ఎవరు చేస్తే వాళ్ళే, భోంచేశాక, దాని కింద ఒక కునుకు తీయాలి. ఇంటివాళ్ళకి ధైర్యం చెప్పడానికి నోటిమాట కన్నా అదే మేలని ఆయన నమ్మకం. అక్క చాప తెచ్చి దూలం కింద పరిచింది. తమ్ముడు దాన్ని లాక్కెళ్ళి కిటికీ వారగా వేసుకున్నాడు. గాలి ఇక్కడే బాగుందన్నాడు. సుఖం మరిగాడని అందరం నవ్వుకున్నాం.

వానలు మొదలయ్యాక కిటికీ బిగుసుకుపోయింది. గోడ పైభాగాన సన్నగా బీట వారింది. కబురు పెడితే అతను వచ్చి, కిటికీ అంచు చిత్రిక పట్టి, చెమ్మకి చెక్క ఉబ్బిందని చెప్పి వెళ్ళాడు. మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ చెమ్మే అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేను గొణిగితే అక్క నన్ను కసిరింది.

ఇస్త్రీపెట్టె తీగ కాళ్ళకి అడ్డం పడుతోందని, దాన్ని పైకి వేలాడేయడానికి ఒక రోజు ఆవిడే బల్లెక్కి దూలానికి మేకు కొట్టింది. చెక్క దాటగానే ఇనుము తగిలి మేకు ఆగాలి. ఆగలేదు, తలదాకా దిగిపోయింది. ఇంకో పొడుగాటి మేకు తీసుకుంది. అదీ దిగింది. అప్పుడు చెక్క ఊడబెరికింది. పైన పటారం, లోన లొటారం. ఇనుము లేదు. చెక్క వదులవకుండా అక్కడక్కడ బిగించిన దిమ్మలున్నాయి. వాళ్ళ నాన్న నిలబెట్టిన ఊతకర్రలని కోసి చేసిన దిమ్మలవి.

పని నేర్చుకునే అమ్మాయిలందర్నీ కిందికి పంపేసి తమ్ముణ్ణి పిలిపించింది. నేను మాత్రం కదల్లేదు. అతను దాచలేదు. ఇనప దూలం నిజంగానే తెచ్చాడట. మెట్ల మలుపులో అది తిరగలేదట. కప్పు విప్పితే గానీ లోపలికి రాదు, అప్పటికే కర్రలు కోసేశాడు. మెట్లు కొలవకుండా దూలం తెచ్చాడని నలుగురూ నవ్వుతారని, ఉత్త చెక్కలతో పెట్టె కట్టేశాడు. అసలు దూలం ఇప్పటికీ వాళ్ళ పెరట్లో గోనెపట్టా కింద పడి ఉంది.

"పడదులే అనుకున్నానక్కా" అన్నాడు.

"అలా అనుకునుంటే దాని కిందే పడుకునేవాడివి. నువ్వు కిటికీ దగ్గర పడుకుని, మమ్మల్ని దాని కింద కూర్చోబెట్టావు" అంది.

ఆవిడ గొంతు పెంచలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు, అది ఆవిడ నమ్మకం గురించే పుట్టిన మాట అనిపించింది నాకు.

వేరే వడ్రంగి వచ్చి మళ్ళీ రెండు ఊతకర్రలు నిలబెట్టాడు. ఆనవాయితీ ఆయనకి తెలియదు, పని ముగించుకుని వెళ్ళిపోయాడు. అక్కే ఆ కర్రల మధ్య చాప వేసుకుని పడుకుంది. నిద్ర పట్టలేదంది. బల్లని సగానికి కోయించాం. తలలు వంచుకునే నడుస్తున్నాం.

తమ్ముడు అప్పుడప్పుడు వస్తాడు. పైకి రానివ్వదు గానీ కింద కూర్చోబెట్టి అన్నం పెడుతుంది, పిల్లలెలా ఉన్నారని అడుగుతుంది. మొన్న అతను తింటూండగా ఎదురింటావిడ వచ్చింది. వంటింటి తలుపు జారిపోయిందట, మంచి వడ్రంగి ఎవరైనా ఉంటే చెప్పమంది. అడుగుతూ తమ్ముడి వంకే చూసింది. అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నాకు తెలిసిన వడ్రంగులెవరూ లేరండి" అంది కత్తెరక్క, తమ్ముడికి ఇంకొంచెం అన్నం వడ్డిస్తూ.