కారం ఎంతో నిలంతినే అడగాల్సింది

ఊళ్లకు ఊళ్లు జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట వస్తుంటే, నేను మాత్రం విదేశాంగ విధానం పట్టుకుని కూర్చున్నాను. సివిల్స్ మెయిన్స్ గట్టెక్కాను. అసలు ఇంటర్వ్యూకి తర్ఫీదునిచ్చే పంజాగుట్ట కోచింగ్ సెంటర్లో ఒక్క సీటే మిగిలిందన్నారు. దానికోసం పదింటికి నమూనా ఇంటర్వ్యూ. నాకిచ్చిన అంశం శ్రీలంక పట్ల మన దేశ విధానం. నా హాస్టల్ గదిలో ఉండేదే శ్రీలంక అమ్మాయి, మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్న నిలంతి. ఇంకేం, సీటు నాదే అనుకున్నాను. దారిలో మాట్లాడుకోవచ్చని ఆమెనూ వెంట రమ్మన్నాను.

ఎనిమిదింటికి మైత్రీవనం పక్క సందులో ఇడ్లీ బండి దగ్గర ఆగాం. ప్లేటు పది రూపాయలు, చట్నీ ఎంతైనా వేస్తారు. నెల రోజులుగా చెబుతున్నట్టే చెప్పాను. "అన్నా, నాకు కారప్పొడి దండిగా. ఈమెకి వద్దు, పాపం తట్టుకోలేదు." గుంటూరు దాన్ని. కారం విషయంలో లోకంలో ఎవరైనా మా తర్వాతే అని నా నమ్మకం. బండి యాదగిరన్న గరిటె ఆపి నవ్వాడు. "ఏం తట్టుకోదక్కా? నువ్వు లేనప్పుడు గీ అక్క రెండు చెంచాల కారం ఏయించుకుంటది. నువ్వుంటే నోరు ఇప్పదు. జర ఆమెను సుత అడుగు."

నాకు సిగ్గేసింది. "ఏంటి నిలంతీ, చెప్పొచ్చు కదా?" అన్నాను. ఆమె తన నిదానపు ఇంగ్లీషులో జవాబిచ్చింది. "నువ్వు ప్రేమగా చెబుతున్నావు, కాదంటే బాధపడతావేమో అనుకున్నా. అయినా నన్నెప్పుడూ అడగలేదు నువ్వు." కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ గుచ్చింది.

తొమ్మిదింటికి సిటీ బస్సెక్కాం. దూరం రెండు కిలోమీటర్లే, ట్రాఫిక్‌లో అరగంట పట్టింది. నా నోట్సు మొదటి పేజీలో 'పెద్దన్నలా ఆదుకోవాలి' అని ఎర్ర సిరాతో రాసుకున్నాను. బస్సులోనే కొట్టేశాను.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న రిటైర్డ్ అధికారి సూటిగా అడిగారు. "ఎనభై ఏడులో శాంతి కోసమని శ్రీలంకకు సైన్యాన్ని పంపాం, చివరికి వెనక్కి రప్పించుకున్నాం. ఎక్కడ పొరపాటు జరిగిందమ్మా?" తడుముకోకుండా చెప్పాను. "వాళ్లకేం కావాలో మనమే తేల్చేశామండి. చిన్న దేశం మొహమాటపడితే సరేనన్నట్టు కాదు. ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే అడిగితే చాలదు, అక్కడి తమిళులనూ సింహళీయులనూ కూడా అడగాలి. సాయం ఆ తర్వాతే." ఆయన కళ్లద్దాలు తీశారు. "ఏ పుస్తకంలోదిది?" "ఇడ్లీ బండి దగ్గర తెలిసిందండి."

సీటొచ్చింది! బయట ఎదురుచూస్తున్న నిలంతిని కౌగిలించుకుని, "ఏం తింటావ్?" అన్నాను. నెలలో మొదటిసారి. పక్క మెస్సులో ఇద్దరికీ తనే చెప్పింది, కారం దండిగా వెయ్యమని.

దేశాల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు గానీ, ప్రేమ ఎంతున్నా అడగాల్సింది అడగాలని నాకా పూటే తెలిసింది. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. పక్కన ద్వీపం మనిషి ఉంటే కారం ఎంతో వాళ్లనే అడగండి. మంచినీళ్ల సీసా మాత్రం మీకోసం పెట్టుకోండి. నేను మూడు గ్లాసులు తాగాను.