నాలుగో తిప్పు

కోడిగుడ్లు పొదిగించే ఆ షెడ్డులో ఆమెను అందరూ పెట్టమ్మ అనేవాళ్లు. పందొమ్మిదేళ్లుగా గుడ్ల మీద ఆమె చూపే ఆపేక్ష అలాంటిది మరి! సొంత కూతురికి జ్వరమొస్తే మాత్ర మింగించి పనికి వచ్చేసేది గానీ, పొదుగుపెట్టెలో వేడి కాస్త తగ్గితే మాత్రం ఆమెకు ముద్ద దిగేది కాదు.

పాతకాలపు పెట్టె అది. ఎనిమిది అరలు, అరకు వంద గుడ్లు, అన్నీ చేత్తోనే తిప్పాలి. తిప్పింది తెలియడానికి గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో ఇంటూ గుర్తు, రెండోవైపు సున్నా. రోజుకు మూడు తిప్పులు. పొద్దునా మధ్యాహ్నం పెట్టమ్మ తిప్పితే, సాయంత్రం ఆమె తోటికోడలు. మొగుడు మంచాన పడ్డాక ఇల్లు గడవక ఎనిమిది నెలల కిందట చేరిందామె. సరిగ్గా ఆ నెల నుంచే పిల్లలు తగ్గిపోయాయి.

“దాని చేతిలో శ్రద్ధ లేదండీ,” అని పెట్టమ్మ యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. “ఈ విడత కూడా ఇంతే అయితే మానిపించేస్తాను,” అన్నాడాయన.

పెట్టమ్మ కూతురు ఎనిమిదో తరగతి. బడిలో గ్రాఫు గీయమన్నారంటే, పెట్టమ్మే ఏ అరలో ఎన్ని పిల్లలు పుట్టాయో రాసే పొదుగుల పుస్తకం ఇంటికి పట్టుకొచ్చింది. “మీ పిన్ని నిర్వాకం గీసిపెట్టు, మీ టీచరు కూడా చూస్తుంది.”

“ముందే తీర్పు చెప్పేస్తే ఎలాగమ్మా? అది నీ ఊహ. నిజమో కాదో చుక్కలు చెప్పాలి.”

అడ్డగీత మీద అరల నంబర్లు, నిలువుగీత మీద పుట్టిన పిల్లలు. పుస్తకంలో అడుగున వేసిన మొత్తం తప్ప పెట్టమ్మ ఏనాడూ ఏమీ చూసి ఎరగదు. ఇప్పుడు సరదా పుట్టి చుక్కలు తనే పెట్టింది. కింది నాలుగు అరలవీ ఎనభై దాటాయి. పై నాలుగూ యాభై దగ్గరే చతికిలబడ్డాయి.

“పిన్ని అన్నీ తిప్పుతుందిగా? మరి పైవాటికే ఏమొచ్చింది? వాటికి మాత్రమే ఇంకేదైనా చేస్తున్నారా?”

పెట్టమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. చేస్తున్నారు. తనే చేస్తోంది! తోటికోడలి మీద నమ్మకం లేక, ఇంటికి పోయే బస్సు వచ్చేలోగా, చేతికందే పై నాలుగు అరలనూ రోజూ ఇంకో తిప్పు తిప్పి మరీ వచ్చేది. ఆ సంగతి కూతురికి నసుగుతూ చెప్పింది. “ఎక్కువ తిప్పితే మంచిదేగా?”

కూతురు వంటింట్లోంచి ఒక గుడ్డు తెచ్చి గుర్తులు వేసి తిప్పింది. మూడు తిప్పులైతే ఒక రాత్రి ఇంటూ పైన, మర్నాటి రాత్రి సున్నా. నాలుగైతే ప్రతి రాత్రీ అదే పక్క. అన్నేసి గంటలు కదలకుండా, రోజూ ఒకే పక్కన పడుంటే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుపోదూ! మూడే ఎందుకని, తనకు పని నేర్పిన ముసలాయనను పెట్టమ్మ ఏనాడూ అడగనైనా లేదు.

“ఇదీ ఊహేనమ్మా. పైవాటిల్లో మూడింటికి నాలుగో తిప్పు మానెయ్యి. ఒక్కదానికి మాత్రం తిప్పు. ఇంకేదీ మార్చకు.”

“తెలిసి తెలిసీ ఎలా తిప్పనే?”

“ఇంకా తెలియదుగా.”

కొత్త గుడ్లు పెట్టాక ఆ ఒక్క అరకూ రోజూ దణ్ణం పెట్టి మరీ నాలుగో తిప్పు తిప్పేది పెట్టమ్మ. ఇరవై ఒకటో రోజున లెక్క తేలింది. మూడు అరల్లో ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, ఎనభై నాలుగు. నాలుగోదాంట్లో నలభై తొమ్మిది. పెట్టమ్మ మళ్లీ లెక్కపెట్టింది, నలభై తొమ్మిదే.

యజమాని మాత్రం పొంగిపోయాడు. “చూశావా, భయపెట్టేసరికి చిన్నామె ఒళ్లు వంచింది!” తోటికోడలు తల దించుకుంది.

ఊరుకుంటే పోయేదే. పెట్టమ్మ ఊరుకోలేకపోయింది. గ్రాఫు కాగితం బల్ల మీద పరిచి, “ఆ పిల్లల్ని చంపింది నేనండీ,” అని మొత్తం చెప్పేసింది. యజమాని నోరు వెళ్లబెట్టాడు. తోటికోడలు మాత్రం ఆశ్చర్యపోలేదు.

“నువ్వు ఇంకోసారి తిప్పుతున్నావని నాకు తెలుసక్కా. కింది అరల్లో గుర్తులు రోజు మార్చి రోజు మారేవి. పైవాటిల్లో నేనొచ్చేసరికి ఎప్పుడూ ఇంటూనే పైన.”

“మరి చెప్పలేదేమే?”

“పందొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నదానివి. నువ్వు తిప్పావంటే మంచికేననుకున్నాను.”

తను నమ్మని మనిషి తనను ఇంతగా నమ్మిందన్న మాటకు పెట్టమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.